తెలుగు ఫైల్ చెడిపోతే ఏ కమాండ్ వాడాలి?

పోయిన ఏడాది ఒక చిన్న గ్రంథాలయం నుంచి పుస్తకాల జాబితా వచ్చింది. నాలుగు వేల పైచిలుకు వరసలున్న సీఎస్‌వీ ఫైల్. "అక్షరాలు కనబడట్లేదండీ, కొంచెం చూస్తారా" అని పక్కన ఒక మెసేజ్. టెర్మినల్‌లో తెరిస్తే దాదాపు ప్రతి పేరూ ఒకే తీరుగా ఉంది. నెత్తిన వాలు గీతతో చిన్న ఇంగ్లీష్ ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత ఏదో ఒక పిచ్చి గుర్తు. మళ్లీ అదే ఎ, అదే డిగ్రీ. తెలుగు ఫైల్స్‌తో పనిచేసేవాళ్లకి ఈ జంట పాత చుట్టమే.

నాకు అలవాటైన మందు ఐకాన్వ్, ఫైల్‌ని ఒక ఎన్‌కోడింగ్ నుంచి ఇంకోదానికి మార్చే కమాండ్. ఎన్‌కోడింగ్ అంటే ఏ అక్షరాన్ని ఏ బైట్లుగా రాయాలో చెప్పే పట్టిక. వెంటనే కొట్టాను, ఎర్రర్ ఇచ్చింది. ఎర్రర్ నోరు మూయించడానికి మైనస్ సి అనే ఆప్షన్ తగిలించాను. ఎర్రర్ పోయింది. దాంతోపాటు జాబితాలో ఉన్న పొల్లులూ, కొమ్ములూ అన్నీ పోయాయి. వాటి చోట నల్ల డైమండ్‌లో తెల్ల ప్రశ్న గుర్తులు మిగిలాయి. అసలు ఫైల్‌కి కాపీ తీసి ఉంచాను కాబట్టి బతికిపోయాను.

ఈ పనికి పనికొచ్చే కమాండ్లు డజను దాకా ఉన్నాయి. ఏది మంచిది అని అడిగితే జవాబు లేదు, ఏ జబ్బుకి ఏది అన్నదే లెక్క. తెలుగు దగ్గర ఈ తేడా ఇంగ్లీష్‌లో కన్నా, ఫ్రెంచ్‌లో కన్నా గట్టిగా తగులుతుంది. ఎందుకో కాస్త కిందికి వెళ్లాక బైట్లు విప్పి చూపిస్తాను. కమాండ్లను చదివి వినిపించినట్టు తెలుగులోనే రాస్తున్నాను, కీబోర్డు మీద మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టాలి. హెక్స్‌లో, అంటే బైట్లని పదహారు అంకెల లెక్కలో రాసినప్పుడు, వచ్చే ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ అంతే.

ఊహ చెప్పే కమాండా, బైట్లు చూపించే కమాండా?

ఫైల్‌కి ఏమైందో తెలుసుకోవడానికి రెండు రకాల కమాండ్లున్నాయి. ఒక రకం చూసి ఊహ చెబుతాయి: ఫైల్ అనే కమాండ్, యూచార్‌డెట్, ఎన్కా. రెండో రకం ఊహలేమీ లేకుండా లోపలున్న బైట్లను ముందు పెడతాయి: ఎక్స్ఎక్స్‌డి, హెక్స్‌డంప్, ఓడి.

ఫైల్ కమాండ్ అన్నిచోట్లా ఉంటుంది, వేగం కూడా ఎక్కువ. లినక్స్‌లో మైనస్ చిన్న ఐ పెడితే ఎన్‌కోడింగ్ పేరు చెబుతుంది, మ్యాక్‌లో పెద్ద ఐ పెట్టాలి. కానీ దీని మాట రెండు చోట్ల నమ్మకూడదు. మొదటిది, ఇది ఫైల్ మొత్తం చదవదు. కొత్త వెర్షన్లు ఎన్‌కోడింగ్ తేల్చడానికి మొదటి 64 కేబీ దాకానే చూస్తాయి. మీ ఫైల్‌లో ముందు భాగమంతా ఇంగ్లీష్ లాగ్ ఉండి, తెలుగు పేర్లు ఎక్కడో అడుగున ఉంటే "యూఎస్ ఆస్కీ", అంటే ఉత్త ఇంగ్లీష్ ఫైల్, అని ధీమాగా చెప్పేస్తుంది. రెండోది ఇంకా పెద్ద మోసం. ఒకసారి చెడి, ఆ చెడిన రూపంలోనే యూటీఎఫ్-8గా (ఇప్పుడు ఎక్కువమంది వాడే యూనికోడ్ ఎన్‌కోడింగ్ ఇదే) సేవ్ అయిన ఫైల్‌ని కూడా "యూటీఎఫ్-8" అనే అంటుంది. అది అబద్ధం కాదు. బైట్లు యూటీఎఫ్-8 నియమాల ప్రకారమే ఉంటాయి, వాటిలో ఉన్నది మాత్రం తెలుగు కాదు. గ్రంథాలయం ఫైల్ సరిగ్గా ఇదే బాపతు.

యూచార్‌డెట్ మొజిల్లా వాళ్ల పాత డిటెక్టర్ నుంచి పుట్టింది. అక్షరాల గణాంకాలు చూసి చెబుతుంది కాబట్టి రష్యన్, జపనీస్, చైనీస్ పాత ఫైల్స్‌కి ఫైల్ కమాండ్ కన్నా చాలా మెరుగు. తెలుగు వాళ్లకి దీంతో పెద్దగా ఒరిగేది లేదు, ఎందుకంటే తెలుగుకి విండోస్‌లో పాతకాలపు ఎనిమిది బిట్ల "ఆన్సీ" కోడ్ పేజీ అంటూ ఎప్పుడూ లేదు. ఊహించడానికి ఉన్న అవకాశాలే తక్కువ. ఎన్కా తూర్పు యూరప్ భాషల కోసం పుట్టింది, మనం దాన్ని వదిలేయొచ్చు.

అందుకే తెలుగు ఫైల్ అయితే నా ఓటు బైట్లకే. తెలుగు యూనికోడ్ అక్షరాలన్నీ 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఒకే వాడలో ఉంటాయి. యూటీఎఫ్-8లో ప్రతి అక్షరం మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఇ0. రెండోది బి0 గానీ బి1 గానీ. అంటే హెక్స్‌లో "ఇ0 బి0, ఇ0 బి0, ఇ0 బి1" అని తోరణంలా కనబడితే ఫైల్ ఆరోగ్యంగా ఉన్నట్టే. దీనికి గణాంకాలు అక్కర్లేదు, కళ్లు చాలు.

ఎక్స్ఎక్స్‌డి విమ్ ఎడిటర్‌తో పాటు వస్తుంది, చూడ్డానికి హాయిగా ఉంటుంది. అది లేని సర్వర్‌లో ఓడి ఉంటుంది, దానికి మైనస్ టీ ఎక్స్ 1 ఇస్తే ఒక్కో బైటూ విడివిడిగా చూపిస్తుంది. హెక్స్‌డంప్ వాడితే మైనస్ పెద్ద సి తప్పకుండా పెట్టండి. అది పెట్టకపోతే మామూలు కంప్యూటర్లలో రెండేసి బైట్లను తిరగేసి చూపిస్తుంది. ఇ0 బి0 కాస్తా బి0ఇ0 అయి కూర్చుంటుంది, మీరు లేని జబ్బు కోసం గంట వెతుకుతారు. పెద్ద ఫైల్ అయితే మొత్తం పొయ్యకండి. గ్రెప్‌తో ఒక చెడిన లైన్ పట్టుకుని, హెడ్‌తో మొదటి 48 బైట్లు తీసుకుని, దాన్ని ఎక్స్ఎక్స్‌డికి పైప్ చేయండి.

కనబడే తీరుని బట్టి

హెక్స్ దాకా వెళ్లకముందే తెర మీద కనబడేదే సగం కథ చెబుతుంది.

అన్నీ మామూలు ప్రశ్న గుర్తులే అయితే హెక్స్‌లో 3ఎఫ్ అని వస్తుంది. అంటే ఎవరో మధ్యలో తెలుగు పట్టని డబ్బాలో పోశారు, ప్రతి అక్షరం చోటా నిజంగానే ప్రశ్న గుర్తు రాసేశారు. ఎక్సెల్‌లో మామూలు "సీఎస్‌వీ" అని సేవ్ చేస్తే ఇదే జరుగుతుంది, "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని వేరే ఆప్షన్ 2016 వెర్షన్‌తో వచ్చింది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ కూడా ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఆస్కీలోనే రాస్తుంది. ఇక్కడ ఏ కమాండూ పనిచేయదు. అసలు ఫైల్ ఎక్కడుందో అడగండి.

నల్ల డైమండ్ కనబడితే రెండు సంగతులు. హెక్స్‌లో "ఇఎఫ్ బిఎఫ్ బిడి" అని ఉంటే ఆ డైమండే ఫైల్‌లో రాసి ఉన్నట్టు, అసలు బైట్లు పోయాయి. అలా కాకుండా వేరే బైట్లు ఉంటే అది టెర్మినల్ వేసిన డైమండ్ మాత్రమే, బాగుచేయొచ్చు.

వత్తులు పక్కకి జారిపోయి, గుడులు విడిగా నిలబడి కనబడుతున్నాయా? ఫైల్‌ని ముట్టుకోకండి. చాలా టెర్మినల్స్ ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో కూర్చోబెడతాయి, తెలుగు సంయుక్తాక్షరాలు కలిపి గీయడం వాటికి సరిగా రాదు. అదే ఫైల్‌ని బ్రౌజర్‌లోనో ఎడిటర్‌లోనో తెరిస్తే చక్కగా ఉంటుంది. ఇది తెలియక మంచి ఫైల్‌ని "బాగుచేసి" పాడుచేసినవాళ్లని చూశాను. డబ్బాలు డబ్బాలుగా కనబడితే అది ఫాంట్ లేకపోవడం, దానికీ ఫైల్‌కీ సంబంధం లేదు.

మీ షెల్ తెలుగు అక్షరాలని సరిగ్గా లెక్కపెడుతోందో లేదో టెర్మినల్‌ని నమ్మకుండా తేల్చుకోవడానికి చిన్న చిట్కా: డబ్ల్యూసీ. "అమ్మ" అనే మాటని ప్రింట్‌ఎఫ్‌తో పైప్ చేసి మైనస్ సి పెడితే 12, మైనస్ ఎమ్ పెడితే 4 రావాలి. రెండూ 12 వస్తే మీ షెల్‌కి యూటీఎఫ్-8 లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగ్) లేదు. లొకేల్ కమాండ్ కొట్టి చూడండి. క్రాన్‌లో, అంటే పెట్టిన టైముకి వాటంతట అవే, నడిచే స్క్రిప్ట్‌లకి చాలాసార్లు ఇదే జబ్బు: మీ చేత్తో నడిపితే బాగుంటుంది, రాత్రి 2 గంటలకి అదే నడిస్తే పాడవుతుంది. స్క్రిప్ట్ మొదట్లో ఎల్‌సీ ఆల్ విలువని సీ డాట్ యూటీఎఫ్-8 అని పెడితే ఆ టెన్షన్ పోతుంది.

"అమ్మ" అనే ఒక్క మాట దగ్గర ఐకాన్వ్ ఎందుకు ఓడిపోతుంది

ఇప్పుడు ఆ చిన్న ఎ, డిగ్రీ గుర్తుల సంగతి. యూటీఎఫ్-8 బైట్లను ఎవరో విండోస్-1252, అంటే పశ్చిమ యూరప్ భాషల కోసం విండోస్‌లో ఉన్న పాత పట్టిక, అనుకుని చదివారు. ఆ పట్టికలో ఇ0 అంటే వాలు గీత ఉన్న ఎ, బి0 అంటే డిగ్రీ గుర్తు, బి1 అంటే ప్లస్ మైనస్ గుర్తు. అందుకే తెలుగంతా ఆ మూడు గుర్తులతో నిండిపోతుంది. అలా తప్పుగా చదివినదాన్ని మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఇ0 కాస్తా సి3 ఎ0 అవుతుంది, బి0 కాస్తా సి2 బి0 అవుతుంది. హెక్స్‌లో "సి3 ఎ0 సి2 బి0" అని పదేపదే కనబడితే ఇదే రోగం, డబుల్ ఎన్‌కోడింగ్. ఫైల్ సైజు కూడా రెట్టింపు దాటుతుంది.

పుస్తకాల్లో చెప్పే మందు తేలికే: వచ్చిన దారినే వెనక్కి వెళ్లు. ఐకాన్వ్‌కి మైనస్ ఎఫ్ యూటీఎఫ్-8, మైనస్ టీ విండోస్-1252 ఇస్తే పాత బైట్లు తిరిగొస్తాయి, అవే అసలు తెలుగు. ఫ్రెంచ్ పేర్లకి ఇది చాలావరకు నడుస్తుంది.

"అమ్మ" తీసుకోండి. లోపల నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మ. బైట్లలో అ అంటే ఇ0 బి0 85. మ అంటే ఇ0 బి0 ఎఇ. పొల్లు అంటే ఇ0 బి1 8డి. ఇక్కడుంది తిరకాసు. విండోస్-1252 పట్టికలో ఐదు గళ్లు ఖాళీ: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. ఆ నంబర్లకి ఏ అక్షరమూ ఇవ్వలేదు. పొల్లులో ఉన్నది 8డి. కొమ్ము, అంటే "కు"లో ఉండే ఉకారం, దానిలో ఉన్నది 81. ఏ లో 8ఎఫ్, ఐ లో 90, ఝ లో 9డి. అరసున్నలోనూ 81 ఉంది గానీ అది వాడేవాళ్లు ఇప్పుడెంతమంది. పొల్లు లేకుండా తెలుగులో వత్తు లేదు, కొమ్ము లేకుండా "తెలుగు" అన్న మాటే రాయలేం. ఐకాన్వ్ విండోస్-1252కి మార్చబోతే మొదటి పొల్లు దగ్గరే ఆగిపోతుంది.

సరే, విండోస్-1252 బదులు దాని దగ్గరి చుట్టం లాటిన్-1 ఇద్దాం. ఆ పట్టికలో 8డి, 81 గళ్లకి కంట్రోల్ సంకేతాలున్నాయి, పొల్లు దాటిపోతుంది. కానీ అప్పుడు అ దగ్గర పడిపోతాం. అ లోని 85 విండోస్-1252లో మూడు చుక్కల గుర్తు, ఫైల్‌లో ఇప్పుడున్నది ఆ మూడు చుక్కలే. లాటిన్-1లో మూడు చుక్కల గుర్తు లేదు. అంటే "అమ్మ"లో అ కి ఒక పట్టిక కావాలి, పొల్లుకి ఇంకో పట్టిక కావాలి. ఐకాన్వ్ ఒకసారి ఒక పట్టికే పట్టుకుంటుంది. మైనస్ సి పెడితే పట్టనివాటిని చెప్పకుండా పారేస్తుంది. నా జాబితాలో పొల్లులు పోయింది అలాగే. పారేశాక క్, కు రెండూ ఒకటే అయిపోతాయి, మిగిలేది ఇ0 బి1 అన్న రెండు అనాథ బైట్లే. ట్రాన్స్‌లిట్ అని చివర తగిలించే ఇంకో ఆప్షన్ ఉంది, అది పట్టనివాటి బదులు దగ్గరి పోలికో, ప్రశ్న గుర్తో పెడుతుంది. ఆ రెండూ ఈ పనిలో దగ్గరికి రానివ్వకండి.

ఇక్కడ పనికొచ్చేది పైథాన్‌లో ఉన్న ఎఫ్‌టిఎఫ్‌వై. పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే అదే పేరుతో కమాండ్ కూడా వస్తుంది. వెబ్‌లో నిజంగా జరిగే తప్పుల కోసమే పుట్టిన సరుకు కాబట్టి, విండోస్-1252లో ఖాళీగా ఉన్న ఐదు గళ్లనీ లాటిన్-1 విలువలతో నింపిన "స్లాపీ విండోస్-1252" అనే పట్టిక దాని దగ్గరుంది. అ, పొల్లు రెండూ ఒకే దెబ్బకి వెనక్కొస్తాయి.

దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. కమాండ్‌గా వాడితే అది తనంతట తాను ఏది చెడింది, ఏది బాగుంది అని తేల్చుకుంటుంది. సగం లైన్లు మంచివి, సగం చెడినవి కలిసిపోయిన ఫైల్‌కి ఇదే దిక్కు. చివరి బైటు ఎ0 అయిన ఠ లాంటివాటిని ఎవరో మామూలు స్పేస్ చేసేసినా కొన్నిసార్లు తిరిగి పడుతుంది. కానీ అడగని పనులు కూడా చేస్తుంది: వంకర కోట్స్‌ని నిటారు కోట్స్ చేస్తుంది, కంట్రోల్ సంకేతాలు తీసేస్తుంది. పాఠం అక్షరం పొల్లుపోకుండా ఉండాలంటే నేను రెండో దారి పడతాను. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి, ఎఫ్‌టిఎఫ్‌వైలోని బ్యాడ్ కోడెక్స్ ఇంపోర్ట్ చేసి, ఒక్కో లైన్‌నీ స్లాపీ విండోస్-1252గా ఎన్‌కోడ్ చేసి, వెంటనే యూటీఎఫ్-8గా డీకోడ్ చేయడం. ఎర్రర్ వచ్చిన లైన్‌ని ఉన్నదున్నట్టు వదిలేసి దాని నంబర్ వేరే ఫైల్‌లో రాయడం. పది లైన్ల పని. మంచి తెలుగు ఉన్న లైన్ ఈ పట్టికలో పట్టదు కాబట్టి దానంతట అదే ఎర్రర్ ఇచ్చి తప్పించుకుంటుంది.

చెడింది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే ఫైల్‌గా దించి బాగుచేయక్కర్లేదు. అక్కడ "లాటిన్1" అని పేరు పెట్టిన పట్టిక నిజానికి విండోస్-1252నే, పైగా ఆ ఐదు ఖాళీ గళ్లూ నింపి ఉన్నాయి. కాబట్టి లాటిన్1కి, అక్కణ్ణుంచి బైనరీకి, అక్కణ్ణుంచి యూటీఎఫ్8ఎమ్‌బీ4కి కన్వర్ట్ చేస్తే "అమ్మ" క్షేమంగా తిరిగొస్తుంది.

చెడిన పాఠాన్ని తెర మీంచి కాపీ చేసి పంపకండి, పంపనివ్వకండి. భ లోని మూడో బైటు ఎడి. విండోస్-1252లో అది కనబడని హైఫన్, కాపీ పేస్ట్‌లో తరచూ రాలిపోతుంది. భాగవతం, భారతం, భూగోళం అన్నీ తల లేకుండా వస్తాయి. ఫైల్‌నే అటాచ్ చేయమనండి.

మార్చడానికి: ఐకాన్వ్, రీకోడ్, విమ్, డాస్2యూనిక్స్, యూకాన్వ్

పైది వినిపించాక ఐకాన్వ్ పనికిరానిదని అనుకోవద్దు. ఎన్‌కోడింగ్ ఏదో ఖాయంగా తెలిసినప్పుడు దానంత నమ్మకమైనది లేదు. ముఖ్యంగా యూటీఎఫ్-16 ఫైల్స్‌కి.

పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైల్‌లోకి పంపిస్తే యూటీఎఫ్-16లో రాస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో "యూనికోడ్" అన్నదీ అదే. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోంది. అలాంటి తెలుగు ఫైల్‌ని లినక్స్‌లో క్యాట్ చేస్తే తమాషాగా ఉంటుంది. "అమ్మ" అక్కడ 05 0సి, 2ఇ 0సి, 4డి 0సి, 2ఇ 0సి. ఆస్కీలో 2ఇ అంటే చుక్క, 4డి అంటే పెద్ద ఎమ్, 0సి అంటే పేజీ తిప్పే సంకేతం. కాబట్టి చాలా టెర్మినల్స్‌లో ఒక చుక్క, ఒక ఎమ్, ఇంకో చుక్క మెట్లు దిగినట్టు దిగుతాయి. మొదట్లో "ఎఫ్ఎఫ్ ఎఫ్ఇ" ఉందో లేదో చూసి ఐకాన్వ్‌కి మైనస్ ఎఫ్ యూటీఎఫ్-16 అని ఇవ్వండి. యూటీఎఫ్-16ఎల్ఈ అని ఇస్తే కూడా మారుతుంది గానీ ఆ మొదటి గుర్తు, బామ్, కొత్త ఫైల్‌లోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

ఐకాన్వ్‌తో జాగ్రత్త ఒక్కటే. చదివే ఫైల్ పేరే రాసే ఫైల్‌కి ఇవ్వకూడదు. బాణం గుర్తు పెట్టగానే ఐకాన్వ్ మొదలయ్యేలోపే షెల్ ఆ ఫైల్‌ని ఖాళీ చేసేస్తుంది. వేరే పేరుతో రాసి తర్వాత ఎమ్‌వీ చేయండి, లేదా మోర్‌యూటిల్స్ ప్యాకేజీలోని స్పాంజ్ వాడండి. రీకోడ్ దీనికి పూర్తిగా ఉల్టా, పేరు ఇస్తే ఆ ఫైల్ మీదే రాసేస్తుంది. కాపీ లేకుండా రీకోడ్ కొట్టడం నాకు ధైర్యం చాలని పని. కొత్తగా నేర్చుకునేవాళ్లకి రీకోడ్ అక్కర్లేదనే చెబుతాను.

ఒకటీ రెండూ ఫైల్స్ అయితే విమ్ చాలు. "ఇ ప్లస్ ప్లస్ ఎన్‌క్" అని ఎన్‌కోడింగ్ మార్చి మళ్లీ తెరిచి, కళ్లతో చూసుకుని, ఫైల్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని సెట్ చేసి సేవ్ చేయొచ్చు. కర్సర్ అక్షరం మీద ఉంచి జీ8 కొడితే దాని బైట్లు చూపిస్తుంది, 8జీ8 కొడితే తర్వాతి చెడిన బైట్ల దగ్గరికి తీసుకెళ్తుంది. చాలా ఫైల్స్ అయితే మాత్రం ఇది ఒళ్లు నొప్పి.

డాస్2యూనిక్స్ పేరు చూసి లైన్ చివర్లు మాత్రమే మారుస్తుందనుకుంటారు. బామ్ ఉన్న యూటీఎఫ్-16ని యూటీఎఫ్-8 చేస్తుంది, బామ్ కూడా తీసేస్తుంది. షెల్ స్క్రిప్ట్‌లకి అది మంచిదే, మొదటి లైన్‌కి ముందు "ఇఎఫ్ బిబి బిఎఫ్" ఉంటే స్క్రిప్ట్ నడవదు. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచే సీఎస్‌వీకి మాత్రం బామ్ ఉంటేనే తెలుగు సరిగా వస్తుంది, కాబట్టి అక్కడ మైనస్ బి పెట్టి ఉంచమనాలి. ఒకే ఫైల్ ఎక్సెల్‌కీ స్క్రిప్ట్‌కీ వెళ్లాలంటే నేను రెండు కాపీలు ఉంచుతాను.

ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ అరుదుగా కావాలి, కానీ కావాల్సినప్పుడు దానికి బదులు లేదు. ఒకటి: ఐత్వం. తెలుగులో రెండు సంకేతాలుగా విడిపోగలిగే అక్షరం ఇదొక్కటే, 0సి48 కాస్తా 0సి46, 0సి56గా విడిపోవచ్చు. పాత మ్యాక్ డిస్కుల మీంచి వచ్చిన ఫైల్ పేర్లలో ఇలా ఉంటుంది. కంటికి రెండూ ఒకటే, గ్రెప్‌కి మాత్రం "కైలాసం" దొరకదు. యూకాన్వ్‌కి మైనస్ ఎక్స్ ఎనీ-ఎన్‌ఎఫ్‌సీ ఇస్తే కలిపేస్తుంది. రెండోది: ఇస్కీ, భారతీయ భాషల కోసం చేసిన పాత ఎన్‌కోడింగ్. బీఐఎస్ వాళ్ల 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో ఉన్న పాత ప్రభుత్వ ఫైల్స్ ఇంకా అక్కడక్కడా ఉంటాయి. లినక్స్ ఐకాన్వ్‌కి ఇస్కీ తెలియదు, యూకాన్వ్‌కి ఎక్స్-ఇస్కీ-టీఈ అని చెబితే తెలుసు.

డీటీపీ షాపుల నుంచి వచ్చే అను ఫాంట్ల పాఠాలు వేరే లోకం. అక్కడ ఎన్‌కోడింగ్ అంటూ ఏమీ లేదు, ఇంగ్లీష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు గీశారు, అంతే. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో వత్తు. హెక్స్‌లో ఇ0 బి0 తోరణం అసలే ఉండదు. ఐకాన్వ్ ఎర్రర్ లేకుండా మారుస్తుంది, మారిందీ చదవలేని సరుకే. ఆ ఫాంట్ కోసమే రాసిన కన్వర్టర్ కావాలి, ఒక ఫాంట్ పట్టిక ఇంకో ఫాంట్‌కి పనికిరాదు. పత్రికలు సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపిన రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే యాడ్-ఆన్ ఉండేది, అది చేసిన పని ఇదే.

మారాక సరిచూసుకోవడం

ఐఎస్‌యూటీఎఫ్8 అనే చిన్న కమాండ్ కూడా మోర్‌యూటిల్స్‌లోనే ఉంటుంది. తప్పు ఏ లైన్‌లో, ఎన్నో బైట్ దగ్గర ఉందో చెబుతుంది. అది లేకపోతే ఐకాన్వ్‌కే రెండు వైపులా యూటీఎఫ్-8 ఇచ్చి ఫలితాన్ని డెవ్ నల్‌కి, అంటే సిస్టమ్ చెత్తబుట్టకి, పంపండి; తప్పుంటే ఎర్రర్ మాత్రం కనబడుతుంది. చెడిన లైన్లన్నీ ఒక్కసారి కావాలంటే గ్రెప్‌కి మైనస్ ఎన్ఎఎక్స్‌వీ ఇచ్చి, ప్యాటర్న్‌గా డాట్ స్టార్ పెట్టండి. యూటీఎఫ్-8 లొకేల్‌లో డాట్ చెడిన బైట్‌కి సరిపోలదు కాబట్టి ఆ లైన్లే మిగులుతాయి. మూడింటిలో నేను రోజూ వాడేది గ్రెప్, ఎక్కడికెళ్లినా ఉంటుంది కాబట్టి.

చెడిన బైట్లు లైన్ చివరే ఉంటే ఎన్‌కోడింగ్‌ని అనుమానించకండి, కత్తెరని అనుమానించండి. చాలా లినక్స్‌లలో కట్ కమాండ్ మైనస్ సి అంటే అక్షరాలు కాదు, బైట్లే. పది అక్షరాలు కదా అని 1 నుంచి 10 అంటే మూడు తెలుగు సంకేతాలు, నాలుగోదానిలో మొదటి బైటు చేతికొస్తాయి. టీఆర్ కూడా అంతే. జీఏడబ్ల్యూకే అక్షరాలు లెక్కపెడుతుంది, డెబియన్‌లో మామూలుగా ఉండే ఎమ్‌ఏడబ్ల్యూకే చాలాకాలంగా బైట్లే లెక్కపెడుతోంది. తెలుగు కత్తిరించాలంటే జీఏడబ్ల్యూకే గానీ పైథాన్ గానీ తీసుకోండి.

గ్రంథాలయం జాబితాకి చివరికి స్లాపీ పట్టిక స్క్రిప్టే పనిచేసింది. నడపడానికి సెకను కూడా పట్టలేదు. కానీ 37 వరసలు మాత్రం ఎర్రర్ లేకుండా దాటిపోయినా ప్రశ్న గుర్తులతోనే మిగిలాయి. హెక్స్‌లో చూస్తే అన్నిట్లోనూ 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్. ఎవరో ఎప్పుడో ఆ కొన్ని ఎక్సెల్‌లో దిద్ది మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారు. వాటి పుస్తకం నంబర్లు అంకెలు కాబట్టి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ 37 నంబర్లూ ప్రింట్ తీసి పంపాను. మూడు రోజుల తర్వాత ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. లైబ్రేరియన్ గారు పాత రిజిస్టర్ ముందేసుకుని, ఒక్కో నంబర్ పక్కనా నీలం ఇంకుతో పుస్తకం పేరు రాసి పంపారు.